ప్రేగులో తీసిన ముక్క ఏమవుతుంది?



పోయిన వర్షాకాలంలో ఎండోస్కోపి గది బయట బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉన్నారు. లోపల ఆమె మనవడికి కొలనోస్కోపి జరుగుతోంది. ఇరవై రెండేళ్ళ కుర్రాడు. ఆరు నెలలుగా కడుపునొప్పి, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గిపోవడం. డాక్టరుగారు బయటకు వచ్చి, చిన్నప్రేగు చివర పుండ్లు కనిపించాయని, నాలుగైదు ముక్కలు తీసి పరీక్షకూ కల్చర్‌కూ పంపుతున్నామని చెప్పి వెళ్ళారు. ఆయన అటు తిరగగానే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"సిస్టరమ్మా, పేగులో ముక్కలు కోశారంట. అక్కడ చిల్లు పడిపోదా?"

"పడదు మామ్మగారూ" అన్నాను.

"కల్చర్ అంటే పెంచడమేనంట గదా. మా చిన్నమ్మాయి కొడుకు చెప్పాడు, ఇప్పుడు పేగు ముక్క తీసి సీసాలో పెంచుతున్నారంట. అట్టయితే మా వాడికి కొత్త పేగే పెంచి వెయ్యండమ్మా. ఎకరం పొలం ఉంది. అమ్మేస్తాం."

ఆ కుర్రాడు చెప్పింది అబద్ధం కాదు. మనిషి ప్రేగు లోపలి పొరలోని కణాలను శరీరం బయట పెంచడం ఇప్పుడు నిజంగానే జరుగుతోంది. అయితే మా కల్చర్ అది కాదు. పొలం అమ్మవలసిన పని అసలే లేదు. ఆ రోజు పది నిముషాలలో చెప్పగలిగింది చెప్పాను. వార్డులో మీలో చాలామంది ఇదే అడుగుతున్నారు గనుక మిగిలింది ఇక్కడ వ్రాస్తున్నాను.

రాలిపోతూ మొలుస్తూ ఉండే పొర

మన చిన్నప్రేగు సుమారు 6 మీటర్ల పొడవు. దాని లోపలి గోడ రబ్బరు గొట్టంలాగా నున్నగా ఉండదు. టర్కీ టవల్ మీద నూలు పోగులు లేచి నిలబడినట్లు, సన్నని వేళ్ళలాంటివి లక్షల సంఖ్యలో నిలబడి ఉంటాయి. మీ పిల్లల సైన్సు పుస్తకంలో వీటిని ఆంత్రచూషకాలు అంటారు. ఒక్కొక్కటి మిల్లీమీటరు ఎత్తుకు మించదు. ఆ వేళ్ళ మీద కణాలు ఒకే ఒక వరుసలో పేర్చి ఉంటాయి. వీటినే ఎపిథీలియల్ కణాలు అంటారు. అన్నంలోని సారాన్ని లోపలికి తీసుకునేవి ఇవే, క్రిములను బయటే ఆపేవి కూడా ఇవే. మనం తిన్నదానికీ మన శరీరానికీ మధ్య కాపలా అంతా ఆ ఒక్క వరుసే.

అంత పలుచని పొర అంత పని చేస్తూ ఎలా నిలుస్తోంది? నిలవదు. ఈ కణాలలో ఎక్కువ భాగం బ్రతికేది 3 నుండి 5 రోజులే. ఈ ఆదివారం మీ ప్రేగులో ఉన్న పొర వచ్చే ఆదివారానికి చాలావరకు ఉండదు, కొత్తది వచ్చి ఉంటుంది.

నారుమడి చూసినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. ఆ వేళ్ళ మొదట్లో సూదిమొనంత గుంటలు ఉంటాయి. వాటిని క్రిప్ట్‌లు అంటారు. గుంట అడుగున మూలకణాలు కూర్చుని ఉంటాయి. పేపర్లలో స్టెమ్ సెల్స్ అని చదువుతుంటారే, అవే. ఒక మూలకణం రెండుగా చీలితే ఒకటి అక్కడే ఉండిపోతుంది, రెండోది పైకి బయలుదేరుతుంది. ఎక్కుతూ ఎక్కుతూ అది పనివాడుగా మారుతుంది. కొన్ని ఆహారాన్ని పీల్చే కణాలు అవుతాయి, కొన్ని జిగురు కార్చేవి అవుతాయి. కొనకు చేరాక రాలిపోయి మలంలో వెళ్ళిపోతాయి. మూలకణాల పక్కనే పానెత్ కణాలని ఇంకొక రకం ఉన్నాయి. అవి మూలకణాలకు కావలసినవి అందిస్తూ, క్రిములను చంపే పదార్థాలు వదులుతూ గుంట అడుగునే ఉంటాయి. పైకి ఎక్కవు, పేరు తెచ్చుకోవు. మా నర్సులకు ఈ కణాలంటే కొంచెం అభిమానం ఎక్కువ.

కాబట్టి మామ్మగారి మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. బయాప్సీలో మేము తీసే ముక్క 2, 3 మిల్లీమీటర్లు, అంటే దాదాపు నువ్వుగింజంత. అది కూడా లోపలి పొర నుండే. దాని వెనక ఉన్న కండ గోడ అలాగే ఉంటుంది. ఆ పొరలో కోత నొప్పి తెలియదు. కొద్దిగా రక్తం ఊరి దానంతట అదే ఆగిపోతుంది. చుట్టుపక్కల గుంటలలోంచి కొత్త కణాలు జరిగి వచ్చి కొద్ది రోజులలో ఆ చోటు కప్పుకుంటాయి. ఎంతో అరుదుగా మాత్రం రక్తం ఆగకపోవడమో చిల్లు పడడమో జరగవచ్చు. అందుకే ముక్క తీసిన తరువాత కడుపు గట్టిపడి విపరీతంగా నొప్పి వచ్చినా, జ్వరం వచ్చినా, రక్తం ఎక్కువగా పోయినా, మలం తారులాగా నల్లగా వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే తీసుకురండి అని చెబుతాం.

ఇంతకీ ముక్క ఎక్కడికి వెళ్తుంది?

మన ఆసుపత్రిలో చాలా ముక్కలు ఫార్మలిన్ సీసాలో పడతాయి. ఫార్మలిన్‌లో పడిన క్షణం నుండి ఆ కణాలు చనిపోయి ఉన్నవి ఉన్నట్లు బిగుసుకుపోతాయి. దానిని మైనంలో పోసి, ఉల్లిపొర కంటే పలుచగా కోసి, రంగు వేసి, పెథాలజీ డాక్టరుగారు మైక్రోస్కోపు క్రింద చూస్తారు. అలా బిగుసుకుపోయిన ముక్కను ఎవరూ పెంచలేరు.

ఒకటి రెండు ముక్కలను మాత్రం ఫార్మలిన్ లేకుండా సెలైన్‌లో పంపుతాం. కల్చర్ అనేది దానికే. అక్కడ పెంచేది మీ వాడి ప్రేగును కాదు, ఆ ముక్కలో టి.బి. క్రిములు దాగి ఉంటే వాటిని. టి.బి. క్రిమి మెల్లగా పెరుగుతుంది గనుక లేదని చెప్పడానికి 6 వారాలు, ఒక్కోసారి 8 వారాలు కూడా ఆగుతారు. అన్ని వారాలు కల్చర్‌లో ఉందంటే ఏదో పెంచుతున్నారని ఇంటివాళ్ళు అనుకోవడంలో తప్పు లేదు. మాట మాదే, అర్థం చెప్పనిదీ మేమే.

కణాలను బయట పెంచడం ఎందుకు కుదరలేదు?

ఇంత వేగంగా పెరిగే పొరను గాజు పాత్రలో పెంచడం తేలికే అనిపిస్తుంది. కానీ దశాబ్దాల పాటు కుదరలేదు. మంచి ప్రేగు కణాలను గోడ నుండి విడదీస్తే అవి ఒకటి రెండు రోజులలోనే చనిపోయేవి. పక్క కణం, క్రింద పరుపు, గుంటలో అందే సంకేతాలు ఇవి లేకపోతే ఆ కణం తనను తానే ముగించుకుంటుంది. అది ఒక విధంగా మనకు మేలే. లేకపోతే రాలిన కణం ప్రతిదీ ఎక్కడ అంటుకుంటే అక్కడ మొలిచేది.

అందువల్ల శాస్త్రజ్ఞులు చావడం మరచిపోయిన కణాలను వాడుకున్నారు. అవి క్యాన్సర్ కణాలు. 1970లలో న్యూయార్కులోని స్లోన్-కెటరింగ్ సంస్థలో యోర్గెన్ ఫోగ్ అనే శాస్త్రజ్ఞుడు, 72 ఏళ్ళ ఒక వ్యక్తి పెద్దప్రేగు గడ్డ నుండి తీసిన కణాలను పెంచారు. వాటి పేరు కాకో-2. వాటిని పలుచని జల్లెడలాంటి పొర మీద వేసి సుమారు 21 రోజులు పెంచితే, పెద్దప్రేగు గడ్డ నుండి వచ్చినవైనా, చిన్నప్రేగు పొరలాగా వరుసగా నిలబడతాయి. పై భాగాన మందు పోసి, కొంతసేపటికి జల్లెడ క్రింద ఎంత చేరిందో కొలిస్తే, ఆ మందు మాత్రగా మింగితే రక్తంలోకి వెళ్తుందో లేదో అంచనా దొరుకుతుంది. మందుల కంపెనీలు ఇప్పటికీ ఈ పరీక్ష చేస్తున్నాయి. అయితే అవి ఒకే మనిషి కణాలు, పైగా క్యాన్సర్ కణాలు. మీ బిడ్డ ప్రేగు ఎలా ఉందో అవి చెప్పలేవు.

ఉట్రెక్ట్‌లో మొలిచిన ప్రేగు

హాలెండు దేశంలో ఉట్రెక్ట్ అనే ఊరు ఉంది. అక్కడి హుబ్రెక్ట్ సంస్థలో హాన్స్ క్లెవర్స్ అనే డాక్టరు బృందం 2007లో ఎలుక ప్రేగు గుంటల అడుగున ఉన్న మూలకణాలను ఒక గుర్తు ద్వారా పట్టుకున్నారు. ఆ గుర్తు పేరు ఎల్‌.జి.ఆర్‌.5. ఏది మూలకణమో తెలిసిపోయాక రెండేళ్ళకు, 2009లో, అక్కడే పనిచేస్తున్న జపాను డాక్టరు తోషిరో సాతో అటువంటి ఒకే ఒక్క కణం నుండి చిన్న ప్రేగు ముద్దను పెంచి చూపించారు. 2011లో మనిషి ప్రేగు కణాలతోనూ అది సాధించారు.

వారు చేసిందేమిటంటే, ఆ కణానికి తన గుంటలో ఏమేమి అందుతున్నాయో కనిపెట్టి, వాటినే బయట ఇచ్చారు. ముందుగా పరుపు. మ్యాట్రిజెల్ అనే ఒక జెల్లీ ఉంది. ఎలుకలోని ఒక రకం గడ్డ నుండి దానిని తీస్తారు. మన ఇంట్లో జెల్లీ చల్లబడితే గట్టిపడుతుంది కదా, ఇది తారుమారు. మంచు మీద నీళ్ళలా ఉండి, ఒంటి వేడికి గట్టిపడుతుంది. తరువాత మేత. పెరగమని చెప్పే ప్రొటీన్లు కొన్ని, మూలకణంగానే ఉండమని చెప్పేవి కొన్ని, త్వరగా ముదరకుండా ఆపేవి కొన్ని. మనిషి కణాలకు ఎలుక మేత చాలలేదు. ఇంకొన్ని కలిపితేగాని నిలబడలేదు.

పని జరిగే తీరు చెబుతాను. ఎండోస్కోపిలో తీసిన తాజా ముక్కను మంచులో ఉంచి తీసుకువెళ్తారు. చల్లని ద్రవంలో చాలాసార్లు కడుగుతారు, ఎందుకంటే ప్రేగులోని క్రిమి ఒక్కటి మిగిలినా పాత్ర అంతా పాడవుతుంది. తరువాత కణాల మధ్య జిగిని వదులు చేసే మందులో నానబెట్టి ఊపితే, గుంటలు గుంటలుగానే ఊడి వస్తాయి. వాటిని చల్లని జెల్లీలో కలిపి, చుక్కలు చుక్కలుగా పాత్రలో వేసి, 37 డిగ్రీల వేడిగల పెట్టెలో పెడతారు. చుక్క గట్టిపడ్డాక పైన మేత పోస్తారు. రెండు మూడు రోజులకొకసారి మేత మారుస్తారు, ఆదివారమైనా సరే. మొదట చిన్న బుడగ కనిపిస్తుంది. కొన్ని రోజులకు ఆ బుడగకు మొటిమల్లాగా మొగ్గలు వస్తాయి. ఆ మొగ్గలే కొత్త గుంటలు. సుమారు వారానికొకసారి ముక్కలుగా విడదీసి మళ్ళీ నాటితే నెలల తరబడి పెరుగుతూనే ఉంటాయి. దీనినే ఆర్గనాయిడ్ అంటారు. ఎవరూ చెయ్యి పట్టుకుని అమర్చకపోయినా, ఏ కణం ఎక్కడ ఉండాలో ఆ కణాలకే తెలిసి సర్దుకుంటాయి. సృష్టికర్త చేతిపని ఇంత దగ్గరగా కనిపించే చోటు వైద్యశాస్త్రంలో ఎక్కువ లేదని నా అభిప్రాయం.

అయితే అది ప్రేగు కాదు. ప్రేగు లోపలి వరుస మాత్రమే. దానికి రక్తనాళాలు లేవు, కండ లేదు, నరాలు లేవు. ఆవగింజ కంటే చిన్నది. ఆహారాన్ని ముందుకు నెట్టలేదు.

దానివల్ల ఏమి తెలిసింది?

పెళ్ళి భోజనాల తరువాత, హాస్టళ్ళలో, ఓడలలో ఒక్కసారిగా పదులమందికి వాంతులు, విరేచనాలు పట్టుకునే జబ్బు నోరోవైరస్ వలన రావచ్చు. 1968లో అమెరికాలోని నార్వాక్ అనే ఊరి బడిలో వచ్చిన జబ్బు నుండి దానికి ఆ పేరు. దానిని మనిషి ప్రేగు కణాలలో సరిగా పెంచడానికి 2016 దాకా పట్టింది. హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో మేరీ ఎస్టెస్ గారి బృందం ఇలా పెంచిన కణాల మీద దానిని వేశారు. కొన్ని రకాలు పెరగలేదు. పైత్యరసం కలిపితే అప్పుడు పెరిగాయి. ఈ వైరస్‌ను చేతికి రాసుకునే స్పిరిట్ సరిగా చంపదు. వార్డులో మేము సబ్బు, నీళ్ళు అని అరిచేది అందుకు. సీసాలో ద్రవం రాసుకుని వచ్చానండీ అంటే ఒప్పుకోము.

2020లో కొవిడ్ వైరస్ ప్రేగు కణాలలోనూ పెరుగుతుందని హాలెండు వారే ఈ ఆర్గనాయిడ్లతో చూపారు. కొందరు కొవిడ్ రోగులకు విరేచనాలు ఎందుకు అయ్యాయో కొంత అర్థమైంది.

అన్నిటికంటె నన్ను ఆలోచింపజేసినది ఇంకొకటి. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే జబ్బులో, కణం గోడలో ఉప్పును బయటకు పంపే ఒక తలుపు పనిచేయదు. ఆ తలుపు తెరుచుకుంటే ఉప్పు వెనకాలే నీరు వస్తుంది. 2013లో ఉట్రెక్ట్ డాక్టర్లు ఆ పిల్లల పురీషనాళం నుండి చిన్న ముక్క తీసి ఆర్గనాయిడ్లు పెంచారు. తలుపు తెరిచే మందు చుక్క వేశారు. ఆరోగ్యవంతుల బుడగ నీరు నిండి ఉబ్బింది. జబ్బు పిల్లల బుడగ ఉబ్బలేదు. అప్పుడు జబ్బుకు కనిపెట్టిన మందు కలిపి చూశారు. కొందరి బుడగలు ఉబ్బాయి, కొందరివి ఉబ్బలేదు. ఎంతో ఖరీదైన మందు ఏ బిడ్డకు పనిచేస్తుందో బిడ్డకు ఇవ్వకముందే తెలుసుకునే దారి అది.

అదే తలుపు, మన ఊరి విరేచనాలు

ఇది మీకెందుకు అనుకోవద్దు. కలరా విషం పట్టుకునేది సరిగ్గా ఆ తలుపునే. తెరిచి, మూయకుండా పట్టుకుంటుంది. ఉప్పు, నీరు ప్రేగులోకి ధారగా పోతాయి. పెద్ద మనిషి ఒక్క రోజులో లీటర్ల కొద్దీ నీరు పోగొట్టుకుని సాయంత్రానికి చనిపోవచ్చు.

దేవుని దయవలన అదే కణానికి ఇంకొక తలుపు ఉంది. చక్కెర, ఉప్పు జతగా వస్తే లోపలికి తీసుకునే తలుపు అది. కలరా విషం దానిని ముట్టుకోదు. 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ జత సంగతి చెప్పాడు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు చక్కెర, ఉప్పు కలిపిన నీటిని డ్రమ్ములలో ఉంచి, ఇంటివాళ్ళ చేతనే త్రాగించారు. నూటికి 30 మంది చనిపోతున్న చోట మరణాలు నూటికి 4 లోపుకు తగ్గాయి. త్రాగించింది నర్సులు కాదు, మీలాంటి తల్లులు, అన్నదమ్ములు.

మన ఓ.ఆర్.ఎస్. పొట్లం అదే. పొట్లం వేసినా విరేచనాలు ఆగలేదండీ అని పారబోసేవారిని చూస్తుంటాను. అది విరేచనాలను ఆపే మందు కాదు. పోయిన నీటిని రెండో తలుపు గుండా తిరిగి నింపేది. ఈలోగా గుంటలలోంచి కొత్త కణాలు ఎక్కి వస్తుంటాయి, విషం తగిలిన పాతవి రాలిపోతుంటాయి. పసిపిల్లల రోటావైరస్‌లోనూ అంతే. ఆ వైరస్ వేళ్ళ కొనల మీది కణాలను తినేస్తుంది గాని అడుగున మూలకణాలు బ్రతికే ఉంటాయి. ఆ నాలుగైదు రోజులు బిడ్డలో నీరు తగ్గకుండా నిలబెట్టడమే మీ పని, మా పని.

లీటరు పొట్లమైతే మొత్తం ఒకేసారి ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలపండి. సగం పొట్లం గ్లాసులో వేసి అంచనాగా కలపవద్దు, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. రెండేళ్ళలోపు బిడ్డకు ప్రతి విరేచనం తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు స్పూనుతో, పెద్ద పిల్లలకు 100 నుండి 200. వాంతి చేసుకుంటే పది నిముషాలు ఆగి మళ్ళీ మెల్లగా పట్టండి. జింకు మాత్ర 14 రోజులు, విరేచనాలు ఆగినా సరే. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 2 నుండి 6 నెలల బిడ్డకు 10. బిడ్డ త్రాగలేకపోతున్నా, మగతగా ఉన్నా, కళ్ళు లోపలికి పోయినా, మలంలో రక్తం కనిపించినా ఇంట్లో ఉంచకండి.

కడుపుకు రెస్టు ఇవ్వాలని పస్తు పెట్టడం మన వైపు బాగా అలవాటు. ప్రేగు పొర కణాలు తమ మేతలో చాలా భాగం ప్రేగులో నడిచే ఆహారం నుండే తీసుకుంటాయి. ల్యాబ్‌లో మేత మార్చకపోతే చచ్చిపోయే కణాలే ఇవీ. తల్లిపాలు ఆపకండి, మెత్తని అన్నం, పప్పుకట్టు, పెరుగు, అరటిపండు పెట్టండి. డాక్టరుగారు ప్రత్యేకంగా నోటికి ఏమీ ఇవ్వవద్దని వ్రాసినవారి సంగతి వేరు.

రోటావైరస్ అన్నాను గనుక ఒక మాట. 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ గారు విరేచనాలతో ఉన్న పిల్లల ప్రేగు ముక్కలలోనే మొదటిసారి ఈ వైరస్‌ను చూశారు. అవీ ఇటువంటి బయాప్సీ ముక్కలే. ఢిల్లీలో పసిబిడ్డలలో దొరికిన ఒక బలహీన రకంతో హైదరాబాదులో రోటావాక్ టీకా తయారయింది. దాని పరీక్షలు జరిగిన మూడు చోట్లలో మన వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఒకటి. 2016లో ప్రభుత్వం రోటావైరస్ టీకాను మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఉంది. 6, 10, 14 వారాలకు నోటిలో చుక్కలుగా ఉచితంగా వేస్తారు. మానకండి.

కొత్త ప్రేగు పెంచి వేస్తారా?

2022లో టోక్యోలోని వైద్య విశ్వవిద్యాలయంలో, అల్సరేటివ్ కొలైటిస్ అనే పెద్దప్రేగు పుండ్ల జబ్బు ఉన్న ఒక రోగికి, ఆ రోగి సొంత కణాల నుండి పెంచిన ఆర్గనాయిడ్లను ఎండోస్కోపి ద్వారా పుండు మీద పెట్టారు. అది పరిశోధన. కొద్దిమందికి మాత్రమే, సురక్షితమా కాదా అని చూడడానికి మొదలుపెట్టినది. ప్రేగు పొరను కొత్తగా వేసే మూలకణాల చికిత్స ఏదీ మన దేశంలో మామూలు వైద్యంగా అనుమతి పొందలేదు. 2017లో భారత వైద్య పరిశోధన మండలి ఇచ్చిన నియమాల ప్రకారం, రక్తసంబంధ జబ్బులకు చేసే మూలుగ మార్పిడి వంటివి తప్ప, పరీక్షించి అనుమతి పొందని మూలకణాల చికిత్సను అమ్మకూడదు. అనుమతి పొందిన పరిశోధనలో చేరితే దానికి మీ దగ్గర డబ్బు తీసుకోరు.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, క్రోన్స్ జబ్బు ఉన్న ఒక అమ్మాయిని ఇంటివాళ్ళు మా దగ్గర మందులు మాన్పించి ఎక్కడికో తీసుకువెళ్ళారు. స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు అని మూడు వేయించారు. గాజులు, తరువాత పాడి గేదెలు పోయాయి. ఐదు నెలలకు ఆ పిల్ల ముప్పై రెండు కేజీలతో తిరిగి వచ్చింది. ఆ ఇంజెక్షన్‌లో ఏముందో చీటీ మీద ఒక్క ముక్క వ్రాసి లేదు. పాత మందులు మళ్ళీ మొదలుపెట్టాం. కోలుకోవడానికి ఏడాది దాటింది. వాళ్ళు అమాయకులని నేను అనను. బిడ్డ కోసం ఎవరు ఏది చెప్పినా వినే స్థితిలో ఉన్నారు, అంతే. అటువంటి మాట ఎవరైనా చెబితే డబ్బు కట్టకముందు ఒక్కసారి ఆ కాగితం మా వార్డుకు తీసుకురండి. తిట్టము.

సంతకం అడిగితే

మన దగ్గర ఇటువంటి ల్యాబ్ లేదు. కానీ పెద్ద ఆసుపత్రులకు పంపినప్పుడు, పరీక్షకు తీసే ముక్కలతోపాటు పరిశోధనకు ఒకటి రెండు ఎక్కువ తీస్తామని ఇంకొక కాగితం ఇవ్వవచ్చు. అది వేరు సంతకం. వైద్యానికి పెట్టే సంతకంలో అది కలిసిపోకూడదు. తెలుగులో చదివి చెప్పమని అడగండి. ఎన్ని ముక్కలు ఎక్కువ తీస్తారు, కణాలను ఎంతకాలం ఉంచుతారు, ఇంకెవరికైనా ఇస్తారా, పేరు బయటపడకుండా ఏమి చేస్తారు, తరువాత వద్దనుకుంటే ఆపగలరా అని అడగండి. వద్దంటే మీ వైద్యంలో తేడా రాకూడదు, అది మీ హక్కు. ఇష్టమైతే ఇవ్వండి. ఆ నువ్వుగింజంత ముక్కలు ఎవరో ఇచ్చారు గనుకనే పైన వ్రాసినవన్నీ తెలిశాయి. నేనైతే ఇస్తాను. అయినా వద్దన్న ఇంటివాళ్ళను స్వార్థపరులని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మామ్మగారి మనవడి రిపోర్టు తొమ్మిదో రోజున వచ్చింది. ప్రేగు టి.బి. పుండ్లు చూడడానికి క్రోన్స్ లాగానే ఉంటాయి, ముక్క చూస్తేగాని తేడా చెప్పడం కష్టం. ప్రభుత్వ టి.బి. కేంద్రం నుండి ఉచిత మందులు ఆరు నెలలు. పొలం పొలంగానే ఉంది. మూడో నెలలో ఆవిడ మునగాకు, కోడిగుడ్లు పట్టుకుని వార్డుకు వచ్చి, "పేగు మొలిచిందా అమ్మా?" అని అడిగారు. మొలుస్తోంది మామ్మగారూ, మందులు మాత్రం ఒక్క రోజు కూడా మానవద్దని చెప్పండి అన్నాను.

మీ బయాప్సీ నంబరు డిశ్చార్జి కాగితం మీద కుడివైపు పైన వ్రాసి ఉంటుంది. ఆ కాగితం పారవేయకండి. ఎప్పుడైనా వేరే ఊరిలో చూపించుకోవలసి వస్తే ఆ నంబరు మీద మైనం బిళ్ళను, స్లైడ్లను తీసి ఇస్తాము, మళ్ళీ ముక్క తీయించుకోవలసిన పని ఉండకపోవచ్చు.